తెరిచినవాళ్ల పేరు చెరగకూడదు

ఆసుపత్రి రికార్డు రూములో చాలా ఏళ్లు పనిచేశాను. కేస్‌షీట్లను దొంగలెత్తుకుపోవడం ఎప్పుడూ చూడలేదు. సంబంధం లేనివాళ్లు తెరవడం మాత్రం చూశాను. "మా వీధి అమ్మాయే, ఏం జబ్బో కాస్త చూడన్నా" అని అడిగేవాళ్లు. హెచ్‌ఐవీ, గర్భస్రావం, మానసిక చికిత్స... ఒక్క కాగితం సంగతి బయటికి పొక్కితే కుదిరిన పెళ్లి తప్పిపోతుంది. కంప్యూటర్లు వచ్చాక ఒకరిని అడిగే పని కూడా లేదు. ఎవరెవరు చూశారో కంప్యూటరే రాసిపెడుతుంది నిజమే, కానీ ఆ చిట్టాను దిద్దగలిగేదీ లోపలివాళ్లే.

ఎస్తోనియా పట్టుకున్నది సరిగ్గా ఈ ముడినే. పదమూడు లక్షల జనాభా ఉన్న ఆ దేశంలో 2007లో సైబర్ దాడులకు ప్రభుత్వ వెబ్‌సైట్లు, బ్యాంకులు స్తంభించాయి. మరుసటేడు దేశమంతటికీ ఒకే ఆరోగ్య సమాచార వ్యవస్థ వచ్చింది. 2016లో గార్డ్‌టైమ్ సంస్థ బ్లాక్‌చెయిన్‌ను ఆ రికార్డుల రక్షణకు తీసుకున్నారు.

బ్లాక్‌చెయిన్ అనగానే మన రిపోర్టులన్నీ అందులోకి ఎక్కిస్తారనుకుంటాం. నిజానికి అలా ఎక్కించరు, ఎక్కించకూడదు కూడా, ఎందుకంటే అందులో చేరింది ఇక చెరగదు. రిపోర్టు ఆరోగ్య సమాచార వ్యవస్థ లోపలే ఉంటుంది. దాని నుంచి లెక్కకట్టిన చిన్న అక్షరాల వరుస, హ్యాష్, మాత్రమే బయటికి వెళ్తుంది. ఆ వరుసను చూసి జబ్బేమిటో చెప్పలేం. రిపోర్టులో ఒక్క చుక్క మార్చినా వరుస మొత్తం మారిపోతుంది. ఎవరు చూశారనే చిట్టాకూ ఇదే కాపలా. ఈ వరుసలన్నీ ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. వాటన్నిటి నుంచి తేల్చిన చివరి వరుసను గార్డ్‌టైమ్ ఫైనాన్షియల్ టైమ్స్ లాంటి పత్రికల్లో అచ్చు వేయిస్తూ వచ్చింది. ఊరూరా పంచిన పత్రికను వెనక్కి తెచ్చి దిద్దడం ఎవరి తరం?

ఎస్తోనియాలో రోగి గుర్తింపు కార్డుతో పోర్టల్‌లోకి వెళ్లి, తన రికార్డును ఎవరు తెరిచారో చూసుకోవచ్చు. వద్దనుకున్న సమాచారాన్ని డాక్టర్లకు సైతం కనపడకుండా మూసేయవచ్చు.

దొంగతనాన్ని మాత్రం బ్లాక్‌చెయిన్ ఆపదు. ఫిన్లాండ్‌లో వాస్తామో అనే మానసిక చికిత్సా సంస్థ నుంచి దొంగిలించిన రికార్డులతో 2020లో రోగులనే బెదిరించి డబ్బు అడిగారు. అక్కడ లోపించింది సర్వర్‌కు సరైన కాపలా. ఆ ఖర్చు ఎగ్గొట్టి బ్లాక్‌చెయిన్ బోర్డు తగిలించే ఆసుపత్రిని నమ్మకండి.

మనకూ 14 అంకెల ఆభా (ఆరోగ్య ఖాతా) నంబరు వచ్చింది, రోగి అనుమతి అనే మాట వచ్చింది. మీరు వెళ్లే ఆసుపత్రిలో అడగండి, నా ఫైలు ఎవరు తెరిచారో నాకు చూపిస్తారా అని. ఆ చిట్టాను దిద్దే వీలు ఎవరికుందో కూడా అడగండి.