బిడ్డను మోయునది ఎవరు?

విత్తనములను గూర్చియు, ఎరువులను గూర్చియు, అప్పుల వాయిదాలను గూర్చియు ఈ పత్రికయందు మాసమాసమును వ్రాయుచున్నాము. ఈ మాసమున మరియొక సంగతిని సభ్యుల ముందుంచదలచితిమి. అది చంటిబిడ్డల పెంపకము. “ఇది ఆడువారి విషయము గదా, సహకారసంఘమునకు దీనితో నేమి పని?” యని కొందరు తలపవచ్చును. కాని చేనిలో కలుపు తీయునది ఎవరు? నాట్లు వేయునది ఎవరు? కూరగాయలు కోసి అంగడికి చేర్చునది ఎవరు? ఆ తల్లియే గదా! ఆమె చేనిలో నున్నంతసేపు ఆమె బిడ్డ ఎక్కడ నుండును, ఏమి తినును, ఎవరి చంకను ఉండును అనునది సేద్యమునకు సంబంధించిన ప్రశ్నయే.

అల్వాల్ ఒకనాడు చెరువులును పొలములును గల పల్లె. 2007లో దానిని హైదరాబాదు మహానగరపాలక సంస్థలో కలిపిరి. ఐనను మేడ్చల్, శామీర్‌పేట గ్రామముల రైతులు నేటికిని కూరగాయలను అల్వాల్ రైతుబజారునకు తెచ్చుచున్నారు. గత చలికాలమున ఒక సోమవారమునాడు మేము ఆ బజారునకు పోయితిమి. శామీర్‌పేట వైపునుండి వచ్చిన ఒక తల్లి పాలకూర కట్టలు పేర్చుచుండెను. ఆమె వెనుక ఎనిమిది తొమ్మిదేండ్ల బాలిక తమ్ముని చంకనెత్తుకొని నిలిచియుండెను. వానికి పది నెలలట. వాడు ఏడ్చినపుడెల్ల ఆ పిల్ల టీలో ముంచిన బిస్కత్తు ముక్కను వాని నోటికందించుచుండెను. “అమ్మా, ఈ పాప బడికి పోదా?” యని అడిగితిమి. ఆ తల్లి చేతిపని మానకయే “ఇంట్ల ఇంకెవ్వరున్నరు సారూ? కూర అమ్ముడు అయ్యేదాక పోరన్ని ఎవరెత్తుకుంటరు?” అనెను.

మేము వెంటనే బదులు చెప్పలేకపోతిమి. ఆమె సోమరి కాదు, బిడ్డలపై ప్రేమ లేనిదియు కాదు. ఐనను ఆ ఇంట బిడ్డను మోయు ఖర్చును ఇద్దరు పసివారు చెల్లించుచున్నారు. అక్క తన చదువుతో చెల్లించుచున్నది. తమ్ముడు తన ఎదుగుదలతో చెల్లించుచున్నాడు. ఈ ఖర్చును పెద్దలమగు మనము పంచుకొనగలమా యనునదియే ఈ వ్యాసము యొక్క విషయము.

ఆరు నెలల వరకు

గేదె ఈనినపుడు మొదటి జున్నుపాలు దూడకు దక్కవలెనని మన రైతులకు ఎవరును నేర్పనక్కరలేదు. ఆ పాలు త్రాగని దూడ రోగమునకు తట్టుకొనలేదు. మనుష్యులలో ముర్రుపాలు అట్టివే. ఐనను కొన్ని యిండ్లలో వానిని పిండి పారబోసి, బిడ్డకు తేనెయు, పంచదార నీళ్లును నాకించు ఆచారము కలదు. దూడకు చేయని అన్యాయమును బిడ్డకు చేయుట తగునా? పుట్టిన గంటలోపలనే తల్లి రొమ్ము అందింపవలెను. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలును. ఎంత ఎండకాలమైనను నీళ్లు సహితము అక్కరలేదు. తేనెను ఏడాది నిండనిదే పెట్టరాదు.

కూలికి పోవక తప్పని తల్లి యేమి చేయవలెను? చేతులు శుభ్రముగా కడుగుకొని, మరగబెట్టి ఆరబెట్టిన స్టీలుగిన్నెలోనికి పాలు పిండి, మూతపెట్టి, చల్లని చోట ఉంచిపోవచ్చును. అవి నాలుగు గంటలలోపల వాడుకొనదగును. ఎండలు ముదిరినపుడు ఇంకను త్వరగా వాడవలెను. ఇంటనున్న అవ్వ వానిని ఉగ్గుగిన్నెతో గాని చెంచాతో గాని త్రాగింపవచ్చును. పాలసీసా మాత్రము వలదు. దాని రబ్బరుపీక మూలలలో మురికి నిలిచి విరేచనములకు దారితీయును. మన పూర్వుల ఉగ్గుగిన్నె కడుగుటకు సులభమైనది, అందుచేతనే మేలైనది.

చిక్కని జావ, చిన్న కడుపు

ఏడవ నెలలో ప్రవేశించిన బిడ్డకు తల్లిపాలతో పాటు అన్నము మొదలుపెట్టవలెను. రెండేండ్లు నిండువరకును, ఆ పైనను పాలు మానిపింప నక్కరలేదు. మన యిండ్లలో ధాన్యము లేకపోలేదు. తైదలు కలవు, జొన్నలు కలవు, పప్పు కలదు. ఐనను ఆరు నెలలకును రెండేండ్లకును నడుమ పిల్లలు చిక్కిపోవుటకు ముఖ్యకారణము జావ పలుచదనము. ఎనిమిది నెలల బిడ్డ కడుపులో ఒక్కసారికి పావులీటరు కంటె ఎక్కువ పట్టదు. నీళ్లవంటి గంజితో ఆ కడుపు నిండినచో బిడ్డ ఏడ్పు మానును గాని బలము రాదు. చెంచాను వంచినపుడు జారిపోక నిలుచునంత చిక్కగా నుండినదే బిడ్డకు తగిన ముద్ద.

మరీ చిక్కనైనది బిడ్డ మింగలేదని కొందరు తల్లులందురు. దానికి సులభమైన ఉపాయము కలదు. తైదలను నానబెట్టి, గుడ్డలో మూటగట్టి, మొలకలెత్తించి, ఎండబెట్టి, సన్నని సెగపై వేయించి, పిండి పట్టింపుడు. చిక్కగా కాచిన జావ గోరువెచ్చనైనపుడు ఈ మొలకపిండిని ఒక చెంచా కలిపినచో కొద్ది నిమిషములలోనే జావ జారుగా మారును; దానిని మరల ఒక పొంగు రానిచ్చి చల్లార్చి పెట్టవలెను. నీరు పోయకయే జావ పలుచనగును, బలము తగ్గదు.

మన హైదరాబాదు పేరుతోనే ఒక పిల్లల పిండి కలదు. 1918లో కూనూరులో ఒక్క గదిలో ఆరంభమై 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ దీనిని రూపొందించినది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాలపప్పు 16 గ్రాములు, వేయించిన పల్లీలు 10 గ్రాములు, బెల్లము 20 గ్రాములు. వెరసి 86 గ్రాములు. ఇందు 330 కెలరీల శక్తియు, 11 గ్రాములకు మించిన మాంసకృత్తులును కలవు. ఇవన్నియు మన ఊరి గిర్నీలో పట్టింపదగినవే. కావలసినపుడు వేడినీటిలోగాని పాలలోగాని కలిపి పెట్టవచ్చును. చేనికి పోవునపుడు మూత బిగించిన డబ్బాలో వెంట తీసికొనిపోవుటకు ఇంతకంటె అనుకూలమైనది లేదు.

ఎన్నిసార్లు పెట్టవలెను? ఆరు మొదలు ఎనిమిది నెలల వరకు దినమునకు రెండు మూడు మారులు. తొమ్మిదవ నెల నుండి మూడు నాలుగు మారులు, నడుమ ఒకటి రెండు మారులు పండో గ్రుడ్డో చిరుతిండిగా. మెత్తగా ఉడికించిన పప్పు, ఆకుకూర, ఒక చెంచా నూనె లేక నెయ్యి అన్నములో కలుపవలెను. గ్రుడ్డు తినువారు ఏడవ నెల నుండియే బాగుగ ఉడికించి పెట్టవచ్చును. టీ మాత్రము పసివానికి వలదు. అది ఆకలిని చంపును, ఆహారములోని ఇనుము ఒంటికి పట్టనీయదు.

1975 అక్టోబరు 2న ఆరంభమైన శిశు అభివృద్ధి పథకము క్రింద అంగన్‌వాడీలు ఏర్పడినవి. మన రాష్ట్రమున ఏడు నెలలు మొదలు మూడేండ్ల వరకు గల పిల్లలకు అచ్చట బాలామృతము ఇచ్చుచున్నారు. నెలకు రెండున్నర కిలోల సంచి. అది ఆ బిడ్డ ఒక్కని పాలు. ఇంటిల్లిపాది పంచుకొన్నచో బిడ్డకు మిగులునది నాలుగు చెంచాలే. నెలనెల బరువు తూయించుట మరువరాదు. పుట్టినప్పటి బరువు అయిదు నెలలకు ఇంచుమించు రెండింతలు, ఏడాదికి మూడింతలు కావలెను. సంఘపు ఖాతాపుస్తకమును చూచుకొనునంత శ్రద్ధతో ఆ బరువుల కార్డును చూచుకొనుడు.

ద్రాక్షతోటలకు పేరొందిన ప్రాంతము మనది గనుక ఒక హెచ్చరిక. ద్రాక్షపండును, పల్లీగింజను పసిపిల్లలకు గుండుగా ఇయ్యరాదు; గొంతునకు అడ్డుపడి ప్రాణాపాయము కలుగును. ద్రాక్షను నిలువున చీల్చి గింజ తీసి ఇయ్యవలెను. పల్లీలను పొడిచేసి పెట్టవలెను.

మోయు తీరు

బిడ్డను చంకనెత్తుకొనుట మనకు తరతరములుగా వచ్చిన పద్ధతి. మెడ నిలిచిన బిడ్డ రెండు కాళ్లును ఎడముగా పెట్టి తల్లి నడుమును కరచుకొని కూర్చున్నపుడు తుంటికీళ్లు సరియైన తావున కుదురుకొనును. బిడ్డ కాళ్లను నిటారుగా చాపి బిగించి చుట్టు దేశములలో తుంటి జారుట ఎక్కువ యనియు, ఎడకాళ్లతో మోయు దేశములలో తక్కువ యనియు వైద్యులు గమనించినారు. కావున పాతగుడ్డతో పొత్తిలి చుట్టునపుడు కాళ్లకు కదలిక నుంచవలెను. పట్టణపు అంగళ్లలో నేడు అమ్ముచున్న కట్టుసంచులు కొనువారును ఇదే చూడవలెను: బిడ్డ తొడల క్రింద మోకాళ్ల వరకు ఆధారముండవలెను, ముఖము మనకు కనబడుచుండవలెను, గడ్డము రొమ్మునకు ఆనరాదు.

నెల తక్కువగా గాని, రెండున్నర కిలోలకు తక్కువ తూకముతో గాని పుట్టిన బిడ్డకు తల్లి రొమ్మే మంచి తొట్టెల. కొలంబియా దేశపు బొగోటా నగరమున 1978లో వైద్యులు అట్టి శిశువులను తల్లి రొమ్ముపై చర్మమునకు చర్మము తాకునట్లు కట్టి ఉంచు పద్ధతిని ఆరంభించిరి. నేడు లోకమంతటను దీనిని కంగారు సంరక్షణ యనుచున్నారు. తండ్రియు ఈ పని చేయవచ్చును. ఇందు మగతనమునకు వచ్చు లోటేమియు లేదు.

చెట్టుకొమ్మకు చీర కట్టి తొట్టెల వేయుట చేనిలో సులభమే. కాని బిడ్డ లేచి కూర్చుండ నేర్చినది మొదలు చీరతొట్టెల కట్టిపెట్టవలెను. జారి పడుటయు, మెడకు చుట్టుకొనుటయు జరుగును. దోమతెర తప్పనిసరి. దోమ వలన చలిజ్వరము వ్యాపించునను సత్యమునకు ఆధారము 1897లో రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులోనే కనుగొనెనని మరువకుడు.

మోటారుసైకిలు టాంకిపై పసివానిని కూర్చుండబెట్టి బజారునకు పోవుట నిత్యము చూచుచున్నాము. 2022లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నిబంధనల ప్రకారము నాలుగేండ్ల లోపు బిడ్డను నడుపువానికి కట్టి ఉంచు పట్టీ ఉండవలెను. తొమ్మిది నెలలు దాటిన వానికి తగిన హెల్మెటు ఉండవలెను. వేగము గంటకు 40 కిలోమీటర్లు మించరాదు.

చేని గట్టున

చేను బిడ్డకు ఆటస్థలము కాదు. మందు కొట్టు దినమున పిల్లలను అచ్చటికి తేనేరాదు. మందు కొట్టినవాడు స్నానము చేసి బట్టలు మార్చుకొననిదే బిడ్డను ముట్టుకొనరాదు. ఆ బట్టలను బిడ్డ బట్టలతో కలిపి ఉతుకరాదు. మిగిలిన మందును శీతలపానీయపు సీసాలలో పోసి యుంచుట విషమును చేతికిచ్చుటయే. పాడుబావికి గట్టు, ఇంటి సంపునకు మూత తప్పక ఉండవలెను. నడక నేర్చిన బిడ్డకు మూరెడు లోతు నీరు చాలును.

సభ్యులకు మనవి

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. బిడ్డను మోయునది ఎవరు? 2005 నాటి గ్రామీణోపాధి హామీ చట్టములో ఒక నియమముండెను: పని స్థలమునకు ఆరేండ్ల లోపు పిల్లలు అయిదుగురో అంతకు మించియో వచ్చినయెడల, ఆ కూలీలలో ఒక స్త్రీని వారిని చూచుటకు నిలిపి, ఆమెకును కూలి ఇయ్యవలెనని. మన చేలలో మనమే ఇట్లు ఎందుకు చేయరాదు? ఇరుగుపొరుగు చేల రైతులు ముగ్గురు నలుగురు కలిసి కలుపుదినములలో ఒక పెద్దవయసు స్త్రీని చెట్టునీడన నిలిపి, ఆమె కూలిని పాలు వేసికొన్నచో ఒక్కొక్కరికి పడునది స్వల్పము. ఒక గొంగడి, ఒక దోమతెర, మూతగల నీళ్లబిందె, ఒక డబ్బాడు పిండి చాలును. పాలిచ్చు తల్లికి పూటకొక మారు అరగంట విరామమిచ్చి, ఆ అరగంటకు కూలి కోయకుండవలెను. రైతుబజారునకు పోవు కుటుంబములును వంతులు వేసికొని, ఒకనాడు ఒకరు అందరి పిల్లలను ఊరనే చూచుకొనవచ్చును.

ఒంటరిగా ఎత్తలేని బరువును పలువురు కలిసి ఎత్తుటకే గదా సంఘము పెట్టుకొన్నాము! ఎరువుల బస్తాల విషయమున ఎరిగిన ఈ నీతి చంటిబిడ్డల విషయమున ఎరుగకుండుట న్యాయము కాదు. రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ సంగతిని చర్చింప కోరుచున్నాము. ఆ సమావేశమునకు సభ్యులు తమ యింటి స్త్రీలను వెంటబెట్టుకొని రావలెను. ఇందు మనకంటె వారికి తెలిసినది ఎక్కువ. ఆనాడు బిడ్డలను మగవారు ఎత్తుకొందురు గాక.