రాయి రాయే కదా అనుకోవద్దు

కొన్నేళ్ల కిందట మా ఆఫీసు లాబీలో జరిగిన సంగతి ఇది. క్లీనింగ్ పని చేసే శ్రీకాకుళం తమ్ముడొకడు బాత్రూం యాసిడ్‌తో పాలరాతి నేల కడిగాడు. నేల మెరుపు పోయి తెల్లటి మచ్చలు పడ్డాయి. అతని జీతంలో కోత పెట్టారు. ఆ కాగితం టైపు చేసింది నేనే. "అన్నా, పక్కనున్న నల్లరాయి కౌంటర్ మీద కూడా చిందింది. దానికేమీ కాలేదు. రాయి రాయే కదా!" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. తర్వాత చదివి తెలుసుకున్నది మీకు చెబుతున్నాను.

మనకు బాతు అంటే పక్షి. మలయ్ భాషలో రాయి. మురుగన్ గుడి ఉన్న బాతు కేవ్స్ కొండ అంతా సున్నపురాయి. సుమారు 40 కోట్ల ఏళ్ల కిందట అక్కడ సముద్రం ఉండేది. సున్నపు బురద, జీవుల గుల్లలు అడుగున పేరుకుని రాయిగా మారాయి. కౌలాలంపూర్ కింద కూడా చాలా చోట్ల ఇదే రాయి. వాన నీటిలోని కొద్దిపాటి ఆమ్లానికే ఇది కరిగి గుహలు పడతాయి. 1998లో పూర్తయిన పెట్రోనాస్ టవర్లను కూడా, అడుగున రాయి ఒకవైపు లోతుగా దిగిపోయి ఉండడంతో, ముందు అనుకున్న చోటు నుంచి సుమారు 60 మీటర్లు జరిపి కట్టారు.

సున్నపురాయే భూగర్భంలో వేడికి, ఒత్తిడికి మారితే పాలరాయి. ఇపో పరిసరాల్లో అది బాగా దొరుకుతుంది. రూపం మారినా గుణం సున్నానిదే. వాన నీటికే కరిగే జాతి, యాసిడ్‌కు ఆగుతుందా?

మరి ఆ నల్లరాయి? బంగారు చుక్కలున్న ఆ రాయి మన ప్రకాశం జిల్లా చీమకుర్తిది. వ్యాపారంలో బ్లాక్ గెలాక్సీ గ్రానైట్ అంటారు. భూగర్భంలో కరిగిన రాతిద్రవం నిదానంగా చల్లారి గట్టిపడింది. అందులో సున్నపురాయి లేదు కాబట్టి అంత తేలిగ్గా మచ్చ పడదు.

క్లీనింగ్ పనిలో ఉన్న సోదర సోదరీమణులారా, డబ్బా మీద 'అసిద్' అని ఉంటే ఆగండి. నేల 'మర్మర్', అంటే పాలరాయా అని సూపర్‌వైజర్‌ను అడగండి. పాలరాతికి నిమ్మరసం, వెనిగర్ కూడా పడవు. అడిగితే పోయేదేమీ లేదు. అడగకపోతే జీతం పోవచ్చు.