కుక్కపిల్ల, తివాచీ, కొంత రసాయన శాస్త్రం

న్యూజీలాండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పిల్లలకు ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేసరికి ఒక కోరిక తప్పక వెలువడుతుంది: ‘మనకూ ఒక కుక్కపిల్ల కావాలి’. తల్లిదండ్రులు పరీక్షలనీ, ప్రయాణాలనీ ఒకటి రెండేళ్లు వాయిదా వేసి, చివరకు లొంగిపోతారు. ఆ ముద్దుల మూట ఇంట అడుగుపెట్టిన గంటలోపే తివాచీ మీద మొదటి మడుగు దర్శనమిస్తుంది. స్వదేశం నుంచి వచ్చి ఉన్న బామ్మగారు మడిబట్టతో వంటింటి గుమ్మం దాటలేక నిలబడిపోతారు. ఆపైన జరిగే చర్చను పాఠకుల ఊహకే వదిలివేస్తున్నాను. కొన్ని ఇళ్లలో ఆ చర్చ కుక్కపిల్లను మరొకరికి అప్పగించడంతో ముగుస్తుంది. ఏడ్చే పిల్లలు ఒకవైపు, చోటు మారి బెంగపెట్టుకొనే మూగజీవం మరొకవైపు. కొంత శరీరధర్మ శాస్త్రమూ, కొంత రసాయన శాస్త్రమూ తెలిసి ఉంటే చాలావరకు తీరిపోయే చిక్కు ఇది.

మన ఊళ్లలో కుక్కకు ఈ శిక్షణ అవసరమే ఉండదు. అది వీధి అరుగు కింద పడుకొంటుంది. ఊరంతా దాని పెరడే. పొరపాటున వరండాలోకి వచ్చి పాడుచేసినా, నాపరాళ్ల మీద రెండు చెంబుల నీళ్లు గుమ్మరిస్తే సరిపోతుంది. ఇక్కడ గోడ నుంచి గోడ వరకు పరచిన తివాచీ, అందులోనూ అనేక ఇళ్లలో ఉన్నితో నేసినది. జూన్ నుంచి ఆగస్టు వరకు చలికి తలుపులన్నీ మూసి ఉంటాయి. అందుచేత మనకు వంశపారంపర్యంగా వచ్చిన అనుభవం ఈ విషయంలో అక్కరకు రాదు. వచ్చిన ఒక్క చిట్కా, అంటే కుక్క ముక్కును తీసుకువెళ్లి ఆ మడుగులో రుద్దడం, ఎంత త్వరగా మరచిపోతే అంత మంచిది. కారణం ముందు వివరిస్తాను.

పుట్టిన కుక్కపిల్ల తనంతట తాను మూత్రవిసర్జన చేయలేదు. తల్లి నాకినప్పుడు కలిగే ప్రేరణ వల్లనే ఆ పని జరుగుతుంది. తల్లియే శుభ్రమూ చేస్తుంది. సుమారు మూడు వారాల వయసులో పిల్ల స్వయంగా విసర్జించడమే కాక, తడబడుతూనైనా పడక వదిలి అవతలకు పోయి ఆ పని కానిస్తుంది. పడుకొనే చోటును పాడుచేసుకోకూడదన్నది దానికి సహజంగా అబ్బిన గుణం. ఎనిమిది, తొమ్మిది వారాలకు ఒక ప్రత్యేక స్థలాన్నీ, పాదాల కింద తగిలే ఒక స్పర్శనూ ఎంచుకోవడం మొదలుపెడుతుంది. సాధారణంగా కుక్కపిల్ల మన ఇంటికి వచ్చేది సరిగ్గా ఈ వయసులోనే. ఆ రోజులలో దాని పాదాలకు గడ్డి అలవాటైతే జీవితాంతం గడ్డినే వెదుకుతుంది. తివాచీ అలవాటైతే దానినే వెదుకుతుంది.

అయితే అలవాటు వేరు, అదుపు వేరు. మూత్రాశయాన్ని బిగించి ఉంచే కండరం మీద పట్టు మూడు, నాలుగు నెలల వయసు నుంచి క్రమంగా వస్తుంది. ఎన్ని నెలల వయసో దానికి ఒకటి కలిపితే పగటిపూట అన్ని గంటలు ఆగగలదని ఒక మోటు లెక్క వాడుకలో ఉన్నది. రెండు నెలల పిల్లకు మూడు గంటలు గరిష్ఠమే కాని, సగటు కాదు. నిద్ర లేచిన వెంటనే, ఆటల మధ్యలో, ఆహారం తిన్న అయిదు నుంచి ముప్పై నిమిషాలలోపు దానికి అవసరం కలుగుతుంది. ఆహారం కడుపులో పడగానే పెద్దప్రేగులో కదలిక ప్రారంభం కావడం మనుషులలోనూ ఉన్నదే. కనుక గడియారాన్ని నమ్ముకోవలెను, దాని ముఖాన్ని కాదు. వేళకు మెడపట్టీకి తాడు తగిలించి పెరట్లో ఒకే మూలకు తీసుకుపోయి, మాట్లాడకుండా నిలబడాలి. పని కాగానే, అక్కడికక్కడే, మెచ్చుకొని చిన్న తినుబండారం ఇవ్వాలి.

ఈ ‘అక్కడికక్కడే’ అన్న మాటలోనే కిటుకు ఉన్నది. ఫలితం సుఖంగా ఉన్న పనిని జంతువు మళ్లీ చేస్తుందని థార్న్‌డైక్ 1898లో పిల్లులపై చేసిన ప్రయోగాలతో నిరూపించాడు. పనికీ ఫలితానికీ మధ్య వ్యవధి కొన్ని సెకండ్లు దాటితే కుక్కపిల్ల బుద్ధిలో ఆ రెంటికీ ముడి పడడం కష్టం. ఇంటిలోకి వచ్చాక ఇచ్చిన బిస్కత్తు తలుపు దాటినందుకు బహుమతి అవుతుంది. అదే విధంగా, పది నిమిషాల తరువాత ముక్కు రుద్దితే, ‘మడుగూ, యజమానీ ఒకేచోట ఉంటే ప్రమాదం’ అన్నంతవరకే అది గ్రహిస్తుంది. మరునాటి నుంచి సోఫా వెనుక చాటుగా కానిస్తుంది. పెరట్లో మన ఎదుట మాత్రం చేయదు. ‘తప్పు చేశానని దానికి తెలుసు, ముఖం చూడండి’ అనేవారు ఉన్నారు. న్యూయార్కులోని బర్నార్డ్ కళాశాలకు చెందిన అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో దీనిని పరీక్షించారు. ఆ దీనవదనం తప్పు చేసిన కుక్కలోనూ, చేయని కుక్కలోనూ ఒకేలా కనిపించింది. యజమాని మందలింపే దానికి కారణమని తేలింది.

ఇక క్రేట్ అనే పెట్టె సంగతి. పడకను పాడుచేసుకోని గుణాన్ని ఆధారంగా చేసుకొన్న ఉపాయమిది. కుక్కపిల్ల నిలబడి, తిరిగి, కాళ్లు చాచి పడుకొనేంత పరిమాణం చాలు. మరీ పెద్దదైతే ఒక మూలను పడకగది, రెండవ మూలను స్నానాలగది చేసుకొంటుంది. పెద్ద జాతి పిల్లకైతే మధ్యలో అడ్డుపలక ఉన్నది కొని, పెరిగేకొద్దీ జరుపుకోవచ్చు. మొదట కొన్ని రోజులు తలుపు తెరచి ఉంచి, లోపలే తిండి పెట్టి, అది తనంతట తానే వెళ్లి పడుకొనేలా చేయాలి. రాత్రులు మంచం పక్కనే ఉంచుకొంటే బెంగ తగ్గుతుంది, మూలుగు మనకు వినబడుతుంది కూడా. దంపతులిద్దరూ ఉద్యోగాలకు పోయి, పిల్లను ఎనిమిది గంటలు అందులో బంధించడం శిక్షణ కాదు; ఆ పిల్ల గత్యంతరం లేక పడకనే పాడుచేసి, ఉన్న సహజగుణాన్ని కూడా పోగొట్టుకొంటుంది. అటువంటి ఇంట మధ్యాహ్నం వచ్చి చూసేవారు దొరికే వరకు కుక్కపిల్లను తేకపోవడమే మేలని నా అభిప్రాయం.

ఎంత జాగ్రత్తపడినా కొన్ని మడుగులు తప్పవు. ఇక్కడ నా వృత్తికి సంబంధించిన నాలుగు మాటలు ఎక్కువగా చెప్పడానికి పాఠకులు అనుమతించాలి.

తాజా మూత్రంలో అధికభాగం నీరు. కరిగి ఉన్నవాటిలో ముఖ్యమైనది యూరియా. 1828లో వోలర్ ప్రయోగశాలలో తయారుచేసి చరిత్ర సృష్టించిన యూరియాయే ఇది. దానికి వాసన లేదు. సూక్ష్మజీవులలోని యూరియేజ్ అనే ఎంజైము దానిని అమ్మోనియాగా, బొగ్గుపులుసు వాయువుగా విడగొట్టినప్పుడే ఘాటు పుడుతుంది. మన తమ్మకాయకు దగ్గరి బంధువైన జాక్ బీన్ గింజల నుంచి ఈ ఎంజైమునే జేమ్స్ సమ్నర్ 1926లో స్ఫటిక రూపంలో వేరుచేశాడు. 1946లో నోబెల్ బహుమతిలో భాగం పొందాడు. మనకు కావలసిన నీతి ఏమంటే, సూక్ష్మజీవులు పని ప్రారంభించక మునుపే యూరియాను తొలగించాలి. పాత నూలు పంచెను మడతలు పెట్టి మడుగు మీద వేసి, కాలితో అదిమి పీల్చాలి, రుద్దకూడదు. చన్నీళ్లు చిలకరించి మళ్లీ అదమాలి. ఆపైన ఒక పాలు తెల్ల వెనిగర్, రెండు పాళ్లు నీరు కలిపి చల్లితే, అందులోని ఆమ్లం అమ్మోనియాను ఎగిరిపోని లవణంగా మారుస్తుంది. ఉన్ని స్వల్ప ఆమ్లాన్ని ఓర్చుకొంటుంది. రంగు నిలుస్తుందో లేదో మాత్రం ఒక మూల పరీక్షించుకోవాలి. లవణం మిగలకుండా మళ్లీ నీటితో తీసి ఆరబెట్టాలి.

బామ్మగారికి ఫినాయిల్ మీద ఉన్న విశ్వాసం అపారం. అది మన ముక్కును కప్పుతుందే కాని మూత్రాన్ని తొలగించదు. పైగా కుక్కపిల్ల ఆ నేల మీద నడిచి పాదాలు నాకుతుంది. అమ్మోనియా కలిసిన ద్రావకాలు కుక్క ముక్కుకు ‘ఇదే చోటు’ అని చాటింపు వేస్తాయి. జనోలా వంటి బ్లీచ్‌ను అసలే వాడరాదు. అది అమ్మోనియాతో కలిస్తే క్లోరమీన్ అనే విషవాయువు పుట్టి ఊపిరితిత్తులను బాధిస్తుంది. అంతేకాక, ఉన్ని అంటే కెరటిన్ అనే మాంసకృత్తు. గాఢమైన బ్లీచ్‌లో ఉన్నిదారం క్రమంగా కరిగిపోతుంది. ఇదే కారణంగా, మాంసకృత్తులను జీర్ణం చేసే ఎంజైములున్న సీసాలను కూడా ‘ఉన్నికి తగును’ అని స్పష్టంగా రాసి ఉంటేనే కొనాలి.

ఆ సీసాలపై ‘యూరిక్ ఆమ్ల స్ఫటికాలను విచ్ఛిన్నం చేయును’ అన్న ప్రకటన తరచు కనిపిస్తుంది. కుక్కల విషయంలో ఇది కొంత అతిశయోక్తి. మనుషులకు లేని యూరికేజ్ అనే ఎంజైము కుక్కలకు ఉన్నది. అది యూరిక్ ఆమ్లాన్ని సులభంగా కరిగే అలంటాయిన్‌గా మారుస్తుంది. మనకు కీళ్లవాతం రావడానికీ, వాటికి రాకపోవడానికీ ఇదొక కారణం. ప్రసిద్ధమైన మినహాయింపు డాల్మేషియన్ జాతి. ఆమ్లాన్ని కణంలోనికి చేరవేసే ఒక జన్యువులోని లోపమే అందుకు కారణమని 2008లో కనుగొన్నారు.

ఈ దేశపు నిబంధనలు కూడా క్లుప్తంగా. 1996 నాటి కుక్కల నియంత్రణ చట్టం ప్రకారం మూడు నెలల వయసుకు స్థానిక కౌన్సిల్‌లో నమోదు చేయించాలి. 2006 జూలై నుంచి మైక్రోచిప్ కూడా తప్పనిసరి, పొలాల్లో పనిచేసే కుక్కలకు మినహా. అద్దె ఇళ్లలో ఉండేవారి నుంచి 2025 డిసెంబరు 1 నుంచి రెండు వారాల అద్దెకు మించకుండా పెంపుడు జంతువు కోసం ప్రత్యేక ధరావతు అడగవచ్చు. తివాచీ పాడైతే ఆ సొమ్ము ఎక్కడికి పోతుందో చెప్పనక్కరలేదు. పార్వోవైరస్ టీకాలు పూర్తయ్యే వరకు ఉద్యానవనాలకు తీసుకుపోక, సొంత పెరటిలోనే అలవాటు చేయించాలి.

పద్ధతి తప్పకుండా సాగితే చాలా పిల్లలు ఆరేడు నెలలకు దారికి వస్తాయి. అలా దారికి వచ్చిన కుక్క ఒకనాడు హఠాత్తుగా ఇంటిలో తడి చేయసాగితే, లేదా మాటిమాటికీ కొద్దికొద్దిగా పోస్తూ ఉంటే, అది మొండితనం కాదు. మూత్రాశయంలో సూక్ష్మజీవుల తాకిడి అయి ఉండవచ్చు. ఉదయపు మూత్రాన్ని శుభ్రమైన సీసాలో పట్టి, అదే రోజు పశువైద్యుని వద్దకు తీసుకుపోవలసి ఉంటుంది.