కొల్లేటి తాటిదోనె

టేకుమానుకు చేవ లోపల ఉంటుంది. తాడికి వెలుపల ఉంటుంది. గట్టి నారపోగులన్నీ మాను అంచున దట్టంగా చేరతాయి, నడుమ అంతా మెత్తన. ముదురు తాడిని నిలువునా చీల్చి ఆ మెత్తటి భాగం తొలిచేస్తే మిగిలే నల్లటి గట్టి పెంకే దోనె. కొల్లేటి లంకల జనం తరతరాలు దీనిమీదే చేపలు పట్టారు, ఊరూరూ తిరిగారు.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉంది కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు దానికి నీళ్లు తెస్తాయి. ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు) వరకు విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. ఇంత వెడల్పున్నా చాలాచోట్ల లోతు మనిషెత్తు ఉండదు. ఇలాంటి నీళ్లలో పడవ అడుగు ఎంత మునుగుతుందన్నదే అసలు లెక్క. ఐదు మీటర్ల పొడవు, సగటున 30 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న దోనె, సుమారు 15 కిలోల బరువుకు ఒక సెంటీమీటరు దిగుతుంది. అంటే 60 కిలోల మనిషి ఎక్కితే నాలుగే సెంటీమీటర్లు.

చిక్కల్లా ఒరిగిపోవడంతోనే. సన్నని దోనెలో నిలబడి పక్కకు వంగితే బోల్తాయే. అందుకే రెండు దోనెలను జంటగా కట్టి సంగడి చేశారు. ఒరగకుండా పట్టి ఉంచే గుణం వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. రెండింటినీ ఆనించి కడితే వెడల్పు రెట్టింపు, ఆ గుణం ఎనిమిది రెట్లు. నడుమ ఎడం పెడితే ఇంకా ఎక్కువ.

దోనెను నడిపేది గెడ. నేలకు ఆనించి నెడితే దోనె ముందుకు సాగుతుంది. లోతెంతో, అడుగున బురదో గట్టినేలో కూడా అదే చెబుతుంది.

ఏలూరు కాలువ కథ వేరు. 1852లో గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. ఆ నీటితో తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు దాకా సాగే ఈ కాలువలో పెద్ద సరుకు పడవలు తిరిగేందుకు లాకులు కట్టి నీటిమట్టం నిలిపారు. అక్కడ పడవకు తగ్గట్టు నీటిని దిద్దారు. కొల్లేట్లో నీటికి తగ్గట్టు పడవను చెక్కారు. 2008లో ఆ కాలువ నాలుగో జాతీయ జలమార్గంలో చేరింది. కొల్లేరు మాత్రం 1999లో అభయారణ్యం, 2002లో అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడినేల అయింది.

దోనెకూ ఓ హద్దుంది. సరస్సు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్ల మెలికల దారి. వరదప్పుడు నీరంతా ఆ ఇరుకులోకే తోసుకొస్తుంది, సముద్రం వైపు నుంచి పోటు ఎదురొస్తుంది. గెడకు నేల అందని చోట, ప్రవాహానికి అడ్డం తిరిగిన దోనెకు దిక్కుండదు. అక్కడ వెడల్పాటి పడవ, బలమైన తెడ్డు కావాలి.

తర్వాత ఫైబర్ పడవలు, ఇంజన్లు వచ్చాయి. గుర్రపుడెక్క కలుపు పంకాకు చుట్టుకుంటే ఇంజను ఆపి, పంకా పైకెత్తి చిక్కు తీయాల్సిందే. అందుకే ఇంజను పడవలోనూ ఒక గెడ ఉండాలి. బరువు నడిమికి సర్దుకుని కూర్చోవాలి. నాటి దోనెలో లేని లైఫ్ జాకెట్ నేడు ఒంటిమీద ఉండాలి.