వందల సర్వర్లను ఒకేచోటి నుంచి ఎలా నడిపిస్తారు?

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం పరిసరాల్లోని శిక్షణ సంస్థల బోర్డులపై లినక్స్, విండోస్ సర్వర్ అనే పేర్లు పక్కపక్కనే కనిపించడానికి కారణం, ఉద్యోగంలో ఈ రెండు రకాల ఆపరేటింగ్ వ్యవస్థలనూ కలిపి చూసుకోవలసి రావడమే. సర్వర్ అంటే నెట్‌వర్క్ ద్వారా ఇతర కంప్యూటర్లకు సమాచారాన్ని, సేవలను అందించే కంప్యూటర్; అలాంటివి వందల సంఖ్యలో ఉన్నప్పుడు ఒక్కొక్కదానిలోకి వెళ్లి మార్పులు చేస్తూ పోతే ఎక్కడో ఒకచోట పొరపాటు దొర్లక మానదు.

ఈ చిక్కును తీర్చే సాఫ్ట్‌వేర్లలో ముఖ్యమైన అన్సిబుల్‌ను మైకేల్ డిహాన్ రూపొందించగా అది 2012లో వెలువడింది; దానిని అభివృద్ధి చేసిన సంస్థను 2015లో రెడ్‌హ్యాట్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థ కొనుగోలు చేసింది. సర్వర్లు ఏ స్థితిలో ఉండాలో ‘ప్లేబుక్’ అనే ఫైలులో రాసి ఇస్తే, అన్సిబుల్ లినక్స్ యంత్రాలను సాధారణంగా ఎస్‌ఎస్‌హెచ్ అనే సురక్షిత మార్గంలోను, విండోస్ యంత్రాలను ఎక్కువగా విన్‌ఆర్‌ఎం అనే మార్గంలోను చేరుకుంటుంది. ‘వెబ్ సేవ నడుస్తూ ఉండాలి’ అని రాసినచోట, ఆ సేవ అప్పటికే నడుస్తుంటే దాని జోలికి పోదు, ఆగి ఉంటేనే మొదలుపెడుతుంది. కనుక సరిగా రాసిన ప్లేబుక్‌ను మళ్లీ మళ్లీ నడిపినా ఇబ్బంది ఉండదు, అన్సిబుల్ అసలు బలం ఇదే.

అయితే ఆపరేటింగ్ వ్యవస్థల మధ్య తేడాలు పూర్తిగా చెరిగిపోవు: ఉబుంటు లినక్స్‌లో సాఫ్ట్‌వేర్‌ను ఏపీటీ అనే సాధనం, కొత్త రెడ్‌హ్యాట్ లినక్స్‌లో డీఎన్‌ఎఫ్ అనే సాధనం స్థాపిస్తాయి, విండోస్ సేవలకు వేరే మాడ్యూళ్లు, అంటే ఒక్కో పనిని చేసే అన్సిబుల్ భాగాలు, కావాలి. అన్సిబుల్ విండోస్‌ను నియంత్రించగలదు గాని, విండోస్ మీద నేరుగా నడవదు. నియంత్రించే కంప్యూటర్‌లో లినక్స్ వంటి యునిక్స్ తరహా వ్యవస్థ ఉండవలసిందే.