కారులో సామానుకు చోటెంత?

కారు కొనదలచిన గృహస్థు సాధారణముగ విచారించు విషయములు మూడు: వెల యెంత, లీటరు ఇంధనమునకు ఎన్ని కిలోమీటర్లు నడచును, అందులో ఎందరు కూర్చుండవచ్చును. నాల్గవ ప్రశ్న ఒకటి కలదు. కూర్చున్నవారి సామాను ఎక్కడ పెట్టవలెను? సంక్రాంతికో వేసవి సెలవులకో కుటుంబమంతయు ప్రయాణమై, వాకిట పెట్టెలు వరుసగా నిలిచిన దినమున గాని ఈ ప్రశ్న చాలమందికి తోచదు. అప్పటికి వెల చెల్లించుట జరిగిపోయినది. కారును మార్చుట సులభము కాదు. కావున సామాను చోటును ఎట్లు కొలుతురు, ఆ కొలతలను ఎట్లు పోల్చుకొనవలెను, అంకెలు చెప్పని సంగతులేవి అను విషయములను ఈ ప్రసంగములో వివరింపదలచితిమి.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. కారు వెనుక సామాను ఉంచు అరను ఇంగ్లండులో బూట్ అందురు. అమెరికాలో ట్రంకు అందురు. తొలినాటి కార్లకు వెనుక నిజముగనే ట్రంకు పెట్టెను తోలుపట్టెలతో బిగించి కట్టెడివారు. ఆ పెట్టె పేరే తరువాత అరకు నిలిచినది. మనము వాడు డిక్కీ అను మాట గుఱ్ఱపుబండ్ల కాలము నుండి వచ్చినది. బండివాడో సేవకుడో కూర్చుండు బయటి ఆసనమునకు ఆ పేరుండెడిది. పిమ్మట ఇద్దరు కూర్చుండు కార్లలో, వెనుక మూత తెరచిన పైకి వచ్చు అదనపు సీటును కూడ అట్లే పిలిచినారు. ఆ సీటు పోయినది; పేరు మాత్రము మన దేశములో సామాను అరకు మిగిలినది.

ఇక కొలతకు వత్తము. నేడు మన దేశములో డిక్కీ చోటును లీటర్లలో చెప్పుదురు. లీటరనగానే నీరు పోసి కొలిచినారని తలంపరాదు. జర్మనీ మోటారు పరిశ్రమ సంఘము వారు ప్రచారములోనికి తెచ్చిన పద్ధతి ఒకటి కలదు. దాని ప్రకారము 200 మిల్లీమీటర్ల పొడవు, 100 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందము గల దిమ్మెలను తీసికొందురు. ఒక్కొక్క దిమ్మె సరిగా ఒక లీటరు. మూత పడునట్లు డిక్కీలో ఎన్ని దిమ్మెలు పేర్చవచ్చునో లెక్కించినచో, ఆ సంఖ్యయే లీటర్ల సంఖ్య. అంతర్జాతీయ ప్రమాణముగ నున్న ఐ.ఎస్.ఓ. 3832 కూడ ఇట్టి దిమ్మెల పద్ధతినే చెప్పుచున్నది. దిమ్మె పట్టని మూలలు, వంపులు లెక్కలోనికి రావు. నీటి కొలతకంటె ఇది న్యాయమైనది. ఏలననగా మనము డిక్కీలో పెట్టునది నీరు కాదు, పెట్టెలు.

అమెరికాలో ఘనపుటడుగులలో చెప్పుదురు. అచ్చటి ఇంజనీర్ల సంఘపు ప్రమాణము ప్రకారము సెడాన్ కార్ల డిక్కీని పలు పరిమాణములు గల పెట్టెలతో నింపి చూతురు. ఒక ఘనపుటడుగు దాదాపు 28.3 లీటర్లు. అమెరికాలోని బంధువు తన కారు డిక్కీ 15 ఘనపుటడుగులని చెప్పినచో, అది మన లెక్కకు సుమారు 425 లీటర్లగును. కాని కొలిచిన వస్తువు వేరు గనుక ఈ మార్పిడి అంచనాయే గాని సరియైన పోలిక కాదు. అమెరికా ప్రభుత్వము కార్లను తరగతులుగ విభజించుటలో కూడ ఈ చోటునకు స్థానము కలదు. మనుషులు కూర్చుండు చోటును, సామాను చోటును కలిపి 110 ఘనపుటడుగులు మొదలు 120 లోపు ఉన్న సెడాన్ అచ్చట మధ్యతరగతి కారు. కారు పొడవు ఆ లెక్కలో చేరదు.

మన దేశములో కథ వేరు. ఇచ్చట పొడవే పన్నును నిర్ణయించినది. పన్ను డిక్కీని నిర్ణయించినది. 2006వ సంవత్సరపు కేంద్ర బడ్జెటులో, నాలుగు మీటర్లకు మించని పొడవు గలిగి, పెట్రోలు ఇంజను 1200 సి.సి., డీజిలు ఇంజను 1500 సి.సి. దాటని చిన్న కార్లపై ఎక్సైజు సుంకమును 24 శాతము నుండి 16 శాతమునకు తగ్గించినారు. పన్నుల పేర్లు మారినను పొడవు నియమము పోలేదు. 2025 సెప్టెంబరు 22వ తేదీ నుండి అమలునకు వచ్చిన జి.ఎస్.టి. రేట్లలో కూడ ఇట్టి చిన్న పెట్రోలు, డీజిలు కార్లకు 18 శాతము, పెద్దవానికి 40 శాతము. నాలుగు మీటర్ల గీత దాటకుండ కారు నిర్మించుటకు తయారీదారులకు ఇంతకంటె బలమైన కారణము అక్కరలేదు.

దీని ఫలితమును ఒకే కారు చరిత్రలో చూడవచ్చును. 2008లో వచ్చిన మారుతి స్విఫ్ట్ డిజైర్ పొడవు 4160 మిల్లీమీటర్లు; డిక్కీ 440 లీటర్లు. 2012లో వచ్చిన రెండవ తరము కారును 3995 మిల్లీమీటర్లకు కుదించినారు. తగ్గినది 165 మిల్లీమీటర్లు, అనగా జానెడు కంటె తక్కువ. డిక్కీ మాత్రము 316 లీటర్లకు పడిపోయినది. కూర్చుండువారి చోటు తగ్గించిన కొనువారు ఒప్పుకొనరు. ఇంజను చోటు తగ్గింప వీలు లేదు. కోత పడినది సామానుకే. అయినను కథ అంతటితో ముగియలేదు. 2017లో వచ్చిన మూడవ తరము అదే 3995 మిల్లీమీటర్ల పొడవులో 378 లీటర్లు చూపినది. 2024లో వచ్చినది 382 లీటర్లు చూపినది. అదే పొడవులో వెడల్పు పెంచి, లోపలి భాగముల అమరిక మార్చి, పోయినదానిలో సగము తిరిగి సంపాదించినారు. కావున పొడవు చూచి డిక్కీని ఊహింపరాదు.

ఎత్తు చేయు మేలునకు మరియొక ఉదాహరణము చూతము. 2019లో వచ్చిన వ్యాగనార్ పొడవు 3655 మిల్లీమీటర్లు. 2022లో వచ్చిన బలెనో పొడవు 3990. పొడవైన బలెనోకు ప్రకటించిన చోటు 318 లీటర్లు. పొట్టిదైన వ్యాగనార్‌కు 341. వ్యాగనార్ ఎత్తు 1675 మిల్లీమీటర్లు, బలెనో ఎత్తు 1500. నేలపై తక్కువైనది నిలువున వచ్చినది. కాని ఎత్తైన డిక్కీలో వస్తువులను ఒకదానిపై నొకటి పేర్చవలెను. అడుగున పెట్టిన సంచి కావలెనన్న పైనున్నవన్నియు దింపవలెను. పొడవైన డిక్కీలో పక్కపక్కన పరచవచ్చును. లీటర్లు సమానమైనను వాడుక సమానము కాదు.

ఇదియే ఈ ప్రసంగములోని ముఖ్యాంశము. లీటరు అనునది పరిమాణమును చెప్పునే గాని ఆకారమును చెప్పదు. 76 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 30 మందము గల చక్రముల సూట్‌కేసును తీసికొనుడు. విమానప్రయాణములకు వాడు పెద్ద పెట్టె రమారమి ఇంతయే యుండును. దాని పరిమాణము 114 లీటర్లు. మూడు పెట్టెలు 342 లీటర్లు. కాగితముపై లెక్క వేసినచో 378 లీటర్ల డిక్కీలో మూడు పెట్టెలు పట్టి, ఇంకను 36 లీటర్లు మిగులవలెను. ఆచరణలో అట్లు జరుగునని నమ్మరాదు. చక్రములపై ఉబికిన గూళ్లు ఇరుప్రక్కల చొచ్చుకొని వచ్చును. సెడాన్ మూతకు వంపు కమ్ములుండినచో, మూత వేయునపుడు అవి లోనికి దిగి పెట్టెలకు తగులును. కొన్నింటిలో డిక్కీ లోపల విశాలము, నోరు ఇరుకు. పెట్టె లోపల పట్టును గాని లోనికి పోదు. చిన్న దిమ్మెలు దూరిన సందులలో పెద్ద పెట్టె దూరదు. బట్టలు కుక్కిన గుడ్డసంచి మాత్రము చోటును బట్టి ఒదుగును. అందుచేత గట్టి పెట్టెలు తగ్గించి మెత్తని సంచులు పెంచిన కుటుంబము అదే డిక్కీలో ఎక్కువ సామాను తీసికొని పోగలదు.

ఒకే కారుకు రెండు మూడు అంకెలు కనిపించుటకు మరియొక కారణము కలదు. హ్యాచ్‌బ్యాక్ కార్లలో సామానుపై కప్పు పలక వరకు కొలిచినచో ఒక అంకె, పైకప్పు వరకు కొలిచినచో పెద్ద అంకె, వెనుక సీట్లు మడచి కొలిచినచో ఇంకను పెద్ద అంకె వచ్చును. ప్రకటనలో పెద్ద అక్షరములతో అచ్చువేయునది సహజముగ పెద్ద అంకెయే. ఒక కారు పలక వరకు కొలిచిన అంకెను, మరియొక కారు పైకప్పు వరకు కొలిచిన అంకెతో పోల్చుట, తూకపు బియ్యమును కొలత బియ్యముతో పోల్చినట్లే.

ఈ జాగ్రత్త ఏడుగురు కూర్చుండు కార్ల విషయమున మిక్కిలి అవసరము. మారుతి ఎర్టిగాలో మూడు వరుసల సీట్లు నిలిచియున్నపుడు సామాను చోటు 209 లీటర్లు. మూడవ వరుస మడచినచో 550. రెనో ట్రైబర్‌లో మూడు వరుసలు నిలిచియున్నపుడు 84 లీటర్లు. మూడవ వరుస సీట్లు తీసివేసినచో 625. ఈ అంకెలలో అసత్యము లేదు. కాని ఏడుగురు కూర్చున్నపుడు ఎర్టిగాలో మనిషికి దక్కునది 30 లీటర్లు, ట్రైబర్‌లో 12 లీటర్లు. 12 లీటర్లన్నచో ఒక చేతిసంచి. ఏడుగురికి చోటు, 625 లీటర్ల చోటు, ఈ రెండును నిజమే. ఒకే ప్రయాణములో రెండును దొరకవు. తాతమ్మ, పిల్లలు, అల్లుడు అందరు ఎక్కవలెనని పెద్ద కారు కొనినవారు, సామాను కొరకు ఇద్దరిని బస్సెక్కింపవలసి వచ్చుట ఈ భేదము తెలియకపోవుట వలననే.

గ్యాసుతో నడచు కార్లలో సి.ఎన్.జి. సిలిండరు డిక్కీలోనే కూర్చుండును. 60 లీటర్ల సిలిండరు ఆక్రమించునది 60 లీటర్లు మాత్రమే కాదు. అది గుండ్రనిది, దానిని బిగించు చట్రము వేరు, చుట్టునున్న సందులు పెట్టెలకు పనికిరావు. ఈ చిక్కును తగ్గించుటకు టాటా సంస్థవారు 2023లో ఆల్ట్రోజ్ కారులో ఒక పెద్ద సిలిండరుకు బదులు రెండు చిన్న సిలిండర్లను డిక్కీ అడుగున అమర్చినారు. అయినను 345 లీటర్ల చోటు 210కి తగ్గినది. ఇంధనపు ఖర్చులో మిగులు ఎంతయో, సామానులో తరుగు ఎంతయో రెండును లెక్క చూచుకొని నిర్ణయించుకొనవలెను.

ఇంతవరకు చోటు మాటయే చెప్పితిమి. బరువు మాట చెప్పక ముగించుట తగదు. డిక్కీలో పట్టినంత సామాను కారు మోయునని అర్థము కాదు. పాతిక కిలోల బియ్యపు బస్తా సుమారు 30 లీటర్ల చోటును ఆక్రమించును. 378 లీటర్ల డిక్కీని బియ్యముతో నింపినచో రమారమి 300 కిలోలగును. కారు మోయదగిన మొత్తము తెలిసికొనుటకు, తయారీదారులు చెప్పిన గరిష్ఠ భారము నుండి ఖాళీ కారు భారమును తీసివేయవలెను. ఉదాహరణకు గరిష్ఠ భారము 1500 కిలోలు, ఖాళీ భారము 1050 కిలోలు అనుకొందము. మిగిలినది 450. మనిషికి 65 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కినచో 325 పోయినది. సామానుకు మిగిలినది 125 కిలోలు, అనగా ఐదు బియ్యపు బస్తాలు. డిక్కీ సగము కూడ నిండకముందే కారు శక్తి తీరినది. అంతకు మించి వేసినచో వెనుక భాగము క్రుంగును; ముందు చక్రములపై పట్టు తగ్గును; బ్రేకు వేసినపుడు ఆగుటకు ఎక్కువ దూరము పట్టును. కప్పుపై కట్టిన బరువు మలుపులలో కారును మరింత ఒరుగజేయును.

సామాను పెట్టు తీరులో ప్రాణములకు సంబంధించిన సంగతి కూడ కలదు. గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు కారు దేనినో ఢీకొని అరమీటరు దూరములో నిలిచిపోయినదనుకొందము. ఆ క్షణమున లోపలి ప్రతి వస్తువును ఆపుటకు దాని బరువునకు ఇరువది రెట్ల బలము కావలెను. 20 కిలోల పెట్టె 400 కిలోల బరువువలె ముందుకు దూకును. సెడాన్ కారులో డిక్కీకి, మనుషులకు నడుమ సీటు వీపు అడ్డముండును. హ్యాచ్‌బ్యాక్‌లో సీటు వీపు పైకి పేర్చిన వస్తువును ఆపునది ఏదియు లేదు. అది పోయి తగులునది వెనుక కూర్చున్న పిల్లల తలలకు. కావున బరువైనవి అడుగున, సీటు వీపునకు ఆనించి పెట్టవలెను. తేలికైనవి పైన ఉంచవలెను. సీటు వీపును మించి ఏదియు పేర్చరాదు. ఆవకాయ జాడీ వెనుక అద్దము చెంతనున్న పలకపై పెట్టదగిన వస్తువు కాదు.

కొనబోవువారు చేయదగిన పరీక్ష సులభమైనది. షోరూమునకు పోవునపుడు ఇంటిలోని పెద్ద పెట్టెలు రెండింటిని, ఒక కొలత టేపును వెంట తీసికొని పోవలెను. డిక్కీ నోటి వెడల్పు, చక్రపు గూళ్ల నడుమ వెడల్పు, లోతు, పలక వరకు ఎత్తు కొలువవలెను. పెట్టెలను లోపల పెట్టి, మూత వేసి చూడవలెను. బరువైన పెట్టెను ఎంత ఎత్తు లేపిన గడప దాటునో గమనింపవలెను; ఇంటిలోని పెద్దవారికి అది ముఖ్యము. స్టెప్నీ ఎక్కడ ఉన్నదో అడుగవలెను. డిక్కీ అడుగున ఉన్నచో, దారిలో చక్రము మార్చవలసి వచ్చినపుడు సామానంతయు రోడ్డుపై దింపవలసి యుండును. ప్రకటించిన అంకె పలక వరకా, పైకప్పు వరకా, సీట్లు నిలిపియా, మడచియా అని అడుగవలెను. అమ్మకపువారు చెప్పలేకపోయినను చింత లేదు. తెచ్చిన పెట్టెలే చెప్పును.

చివరగా, సంవత్సరమునకు రెండు పర్యాయములు చేయు పెద్ద ప్రయాణము కొరకే పెద్ద డిక్కీ గల కారు కొనవలెనని మా అభిప్రాయము కాదు. నిత్యము ఆఫీసునకు, బడికి, కూరగాయల బజారునకు పోవు కుటుంబమునకు 250 లీటర్లు చాలును. పండుగకు పెద్ద బండి అద్దెకు తీసికొనవచ్చును. వృద్ధుల చక్రముల కుర్చీయో, వ్యాపారపు సరుకో దినదినము మోయవలసిన ఇంటికి మాత్రము డిక్కీ నోరు, గడప ఎత్తు ఇంజను శక్తికంటె ముఖ్యము. కారును ఎన్నుకొనుటకు ముందు మన ఇంటి సామాను ఏదో, ఎంతయో, ఎన్నిమారులు ఎక్కించి దింపవలెనో ఒక కాగితముపై వ్రాసికొని చూచుట మంచిది.