మందుల చదరంగం!

జోడెడ్ల బండి హాయిగా సాగిపోతుంది. కానీ ఒక ఎద్దు ముందుకీ, ఇంకో ఎద్దు వెనక్కీ లాగితే? బండి కదలదు. యాంటీబయాటిక్‌లదీ అదే కథ. 'ఒకటి వాడితే తగ్గలేదు, రెండు కలిపి వాడేద్దాం' అనుకుంటే అన్నిసార్లూ కుదరదు!

అలా కుదరని జోడీ ఒకటి 1951లో బయటపడింది. అప్పటికి పెన్సిలిన్ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు సారథ్యం వహించిన లెడర్లీ సంస్థ నుంచి 1948లో ఆరియోమైసిన్ వచ్చింది. రెండూ మేటి మందులే. కానీ మెదడు పొరల వాపుతో బాధపడుతున్న రోగులకు రెండూ కలిపి ఇస్తే... పెన్సిలిన్ ఒక్కటే తీసుకున్నవారిలో కన్నా మరణాలు పెరిగాయని అమెరికా వైద్యులు గుర్తించారు.

ఎందుకలా? బ్యాక్టీరియా పెరిగేటప్పుడు తన చుట్టూ గోడ కట్టుకుంటుంది. పెన్సిలిన్ దెబ్బతీసేది ఆ పనినే. ఆరియోమైసిన్ ఏమో ఎదుగుదలనే ఆపేస్తుంది. గోడ కట్టడమే ఆగిపోయాక పెన్సిలిన్‌కి ఇక పనేముంది!

అందుకే ఏ జోడీ కుదురుతుందో ముందు ల్యాబ్‌లో చూస్తారు. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ పలక, దాన్నిండా 96 గుంతలు... చూస్తే వామనగుంటల పీట గుర్తొస్తుంది. అడ్డంగా ఒక మందూ, నిలువుగా మరో మందూ మోతాదును సగానికి సగం తగ్గిస్తూ పోస్తారు. వాటిలో బ్యాక్టీరియాను కలిపి, సుమారు 35 డిగ్రీల వేడిలో రాత్రంతా ఉంచుతారు. తెల్లారేసరికి గుంతలో ద్రవం మబ్బుగా మారితే బ్యాక్టీరియా గెలిచినట్టు, తేటగా ఉంటే మందులు గెలిచినట్టు! విడిగా అవసరమైన మోతాదులో పావు వంతు చొప్పున కలిపినా పెరుగుదల ఆగిపోతే అది మంచి జోడీ. చదరంగం గళ్లలా ఉంటుంది కాబట్టి దీనికి 'చెకర్‌బోర్డ్' పరీక్ష అని పేరు.

కుదిరిన జోడీలూ ఉన్నాయి. ఎన్‌డీఎం అనే ఎంజైము ఉన్న మొండి బ్యాక్టీరియా చాలా మందుల్ని ముక్కలు చేసేస్తుంది. అజ్‌ట్రియోనామ్ మాత్రం దానికి లొంగదు. అయితే అదే బ్యాక్టీరియాలోని వేరే ఎంజైములు ఈ మందునూ పాడుచేస్తుంటాయి. వాటిని అవిబాక్టామ్ అడ్డుకుంటుంది. ఈ జంటకు 2024లో ఐరోపాలో అనుమతి వచ్చింది.

అలాగని పలక మీద గెలిచిందల్లా మంచం మీద రోగిని గెలిపించదు. కొలిస్టిన్‌కి మెరోపెనెమ్ తోడైతే బాగుంటుందని ల్యాబ్ పరీక్షలు ఆశపెట్టాయి. 406 మంది రోగుల మీద జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో ప్రపంచవ్యాప్తంగా నేరుగా బలి తీసుకున్నవారు సుమారు 12.7 లక్షల మందని అంచనా. నిపుణులకే ఇంత కష్టమైన లెక్కను వంటింటి అలమరాలో మిగిలిపోయిన మాత్రలతో మనం తేల్చగలమా? అందుకే డాక్టర్ కల్చర్ పరీక్ష రాస్తే 'ఎందుకొచ్చిన ఖర్చు' అనుకోకుండా చేయించడం మేలు. ఎత్తు వేయాల్సింది ఆట తెలిసినవాళ్లే!